ఆపమంటాం సరే, ఏ టైమ్ దగ్గర?

ప్రశ్న: ఆంటీ, మార్చిలో గడియారం గంట ముందుకి, నవంబరులో వెనక్కి తిప్పే ఈ తతంగం మిషిగన్‌లో ఆపేయాలని మా వీధిలో అందరూ అంటున్నారు. మా ఆయనకి రాత్రిళ్లు హైదరాబాద్ ఆఫీసుతో కాల్స్. జూన్ వచ్చిందంటే మా పాప తొమ్మిదైనా పడుకోదు. మీరైతే ఏమంటారు?
– ఒక పాఠకురాలు, నోవై

జవాబు: ఆపాలనే అంటానమ్మా. కానీ ఏ టైమ్ దగ్గర ఆపాలని అడిగి చూడు, మీ వీధిలోనే రెండు పార్టీలు తేలతాయి. ఏడాదంతా స్టాండర్డ్ టైమ్‌లో, అంటే ఇప్పుడు చలికాలంలో ఉండే టైమ్‌లో ఉండిపోవాలనుకుంటే రాష్ట్రం తనంతట తనే తేల్చుకోవచ్చు. 1966 నాటి యూనిఫామ్ టైమ్ యాక్ట్ అందుకు వీలిచ్చింది. అరిజోనాలో చాలా భాగం, హవాయి అలాగే నడుస్తున్నాయి. ఏడాదంతా డేలైట్ టైమే, అంటే మార్చిలో గంట ముందుకి తిప్పాక వచ్చే టైమే కావాలంటే మాత్రం అమెరికా పార్లమెంటు, అదే కాంగ్రెస్, ఒప్పుకోవాలి. 2022లో అందులో ఒక సభ సెనేట్ సరేనంది, రెండో సభ హౌస్‌లో ఆగిపోయింది.

నా ఓటు స్టాండర్డ్ టైమ్‌కే. మన డెట్రాయిట్ ఈస్టర్న్ జోన్‌లో, అంటే అమెరికా తూర్పు వైపు రాష్ట్రాలు వాడే టైమ్ జోన్‌లో, బాగా పడమటికి ఉంది. స్టాండర్డ్ టైమ్‌లోనే సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పన్నెండున్నర, డేలైట్ టైమ్‌లో ఒకటిన్నర. జూన్‌లో పొద్దు గుంకేది తొమ్మిది దాటాక. కిటికీలో అంత వెలుతురు పెట్టుకుని పడుకోమంటే మీ పాప ఎందుకు పడుకుంటుంది?

అదే డేలైట్ టైమ్ చలికాలంలోనూ ఉంచితే, డిసెంబరు ఆఖరులో ఎనిమిదింటికయ్యే సూర్యోదయం తొమ్మిదింటికి అవుతుంది. 1974 జనవరిలో దేశమంతా ఆ ముచ్చటా తీర్చుకుంది. రెండేళ్లు చూద్దామని మొదలుపెట్టి, పిల్లలు చీకట్లో బడికి వెళ్తున్నారని తల్లిదండ్రులు గగ్గోలు పెడితే, అక్టోబరుకల్లా చట్టం మార్చి చలికాలానికి మళ్లీ పాత టైమే తెచ్చారు.

గడియారం తిప్పడమంటే నాకు గిట్టకపోవడానికి సొంత కారణం ఒకటుంది. నేను నైట్ డ్యూటీ నర్సుగా రిటైరయ్యాను. నవంబరులో ఆ ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. ఒకటిన్నరకి మందిచ్చానని చార్టులో రాస్తే, ఏ ఒకటిన్నర? పక్కన ‘మొదటిది’, ‘రెండోది’ అని రాసుకునేవాళ్లం. పన్నెండు గంటల షిఫ్టు పదమూడయ్యేది. ఆ గంటకి జీతం వచ్చేదిలే, కాళ్లకే తెలిసేది కాదు.

ఇక మీ ఆయన సంగతి. హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదంటే ఇక్కడ ఎండాకాలం రాత్రి పదకొండున్నర, చలికాలం పదిన్నర. స్టాండర్డ్ టైమ్‌లో ఉండిపోతే ఏడాది పొడుగునా పదిన్నరే. అయితే పొద్దున ఎనిమిదిన్నరకి ఇక్కణ్ణుంచి మాట్లాడితే, అక్కడివాళ్లు ఏడాదంతా సాయంత్రం ఏడు దాకా ఆఫీసులో ఉండాలి. వాళ్లనీ ఓ మాట అడగమను.

నష్టం లేదనను. జూన్‌లో అయిదు కాకముందే తెల్లారిపోతుంది, మందపాటి కర్టెన్లు కొనుక్కోవాల్సిందే. సాయంత్రం లేక్ దగ్గర గడిపే గంట పోతుంది. పక్క రాష్ట్రం ఒహాయో మనతో పాటు ఆపకపోతే, మన మన్రో నుంచి ఒహాయోలోని టొలీడోకి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు ఇంట్లో ఒక టైమ్, ఆఫీసులో ఒక టైమ్. నాకు కొరుకుడు పడనిది ఈ ఒక్కటే. అందుకే మీ స్టేట్ సెనేటర్‌కి రాసేటప్పుడు ‘ఆపండి’ అని ఊరుకోకు. స్టాండర్డ్ టైమ్ అని రాయి, ఒహాయోతో మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆపమని రాయి.