మామ్మ సంకల్పంలో ‘మమ’

పూజలు, వ్రతాలు తప్పకుండా చేస్తున్నా లోపల మార్పేమీ కనబడటం లేదనీ, ఆచారానికీ ఆధ్యాత్మిక అన్వేషణకీ తేడా ఏమిటనీ అడిగారు. మా ఇంట్లో చూసిందే చెప్తాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో కలిసిన ఊరు. కార్తీకమంతా మా మామ్మ తెల్లవారకముందే మహేంద్రతనయలో స్నానం చేసేది. పక్కింటి ఒడియా మౌసి కూడా అంతే, కాకపోతే ఆవిడ కార్తీకం మాకన్నా పదిహేను రోజులు ముందే వచ్చేసేది. వాళ్ళకి పున్నమి వెళ్ళిన మర్నాడు నెల మారుతుంది, మనకి అమావాస్య వెళ్ళాక. మౌసి హబిష అనే కార్తీక వ్రతం పట్టి ఒంటిపూట తింటూంటే మా ఇంట్లో ఇంకా ఆశ్వయుజమే. పున్నమినాడు ఆవిడ అరటి దొప్ప పడవలో దీపం పెట్టి వదిలేసేది. మామ్మ దీపం మాత్రం పోలి పాడ్యమి దాకా ఆగేది. ఒకటే రేవు, అవే నీళ్ళు.

“ఎవరి కార్తీకం నిజం మామ్మా?” అనడిగాను ఒకసారి. “ఎవరింటి లెక్క వాళ్ళదమ్మా. లెక్క తప్పకూడదు, అంతే” అంది.

ఆచారమంటే నాకు ఇప్పటికీ ఆ మాటే. ఏ రోజు ఏం చెయ్యాలి, ఏం తినకూడదు అన్న ఆ లెక్కే మనల్ని ఇంటికీ ఊరికీ పోయిన పెద్దలకీ కట్టి ఉంచుతుంది. దాన్ని తేలిక చేసి మాట్లాడితే నాకు బాధేస్తుంది.

తరవాత మామ్మకి తుంటి విరిగింది. ఆ ఏడు రేవుకి వెళ్ళలేకపోయింది. మంచం దగ్గరికి చెంబుతో నీళ్ళు తెస్తే నాలుగు చుక్కలు నెత్తిన జల్లుకుని సంకల్పం చెప్పుకునేది. ఒకరోజు “మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా” దగ్గర ఆగిపోయింది. మర్చిపోయిందేమోనని అందించబోయాను. చెయ్యెత్తి వద్దంది.

“మమ అంటే ‘నా’ అనే కదమ్మా. కాలు నాదన్నాను, విరిగింది. స్నానం నాదన్నాను, ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ‘నా, నా’ అన్నదెవరు?”

ఆ గొంతులో దిగులు లేదు. చెంబు అంచు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. వెతుకులాట అంటే ఏమిటో నేను మొదటిసారి చూసింది అప్పుడే.

వేదంలోని కర్మల గురించి విచారించే శాస్త్రం పూర్వమీమాంస ‘అథాతో ధర్మజిజ్ఞాసా’ అని మొదలవుతుంది, వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాలు ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’ అని. చెయ్యవలసింది ఏమిటని మొదటిది విచారిస్తే, ఉన్నది ఏమిటని రెండోది విచారిస్తుంది. ‘అథ’ అంటే ‘ఆ తరవాత’. దేని తరవాత? కర్మకాండ ముగించాక అని కాదు, వివేకం, వైరాగ్యం, శమదమాదులు (మనసునీ ఇంద్రియాలనీ అదుపులో పెట్టుకోవడం లాంటివి), ముముక్షుత్వం (మోక్షం కావాలన్న తపన) కుదిరాక అని శంకరాచార్యులు భాష్యం చెప్పారు. కర్మ వల్ల చిత్తశుద్ధి కలుగుతుందని కూడా ఆయనే అన్నారు. అంచేత మీ పూజలు వృథా అనుకోకండి. గిన్నె తోముకోవడం వాటి పని. ఆకలి మాత్రం మీకే వెయ్యాలి.

పూజ మానకండి, కొత్త వ్రతమూ పట్టకండి. రేపు సంకల్పంలో మీ గోత్రం, పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగి, ఆ పేరు ఎవరిదో చూడండి. నేను రోజూ అక్కడ ఆగుతాను.

ఆ ఏడు పోలి పాడ్యమినాడు మామ్మ దీపం నేనే తీసుకెళ్ళి వదిలాను. తన కార్తీకం ముగిసి రెండు వారాలు దాటినా, ఆ చీకట్లో మౌసి నాకు తోడు వచ్చింది.