ఎవరి ఎడమ?

నల్లగొండ

తమ్మీ,

వీడియో గేమ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆట మీద నీకున్న పిచ్చి ప్రతి పేరాలో తెలుస్తోంది, సంతోషం. కాకపోతే కెమెరా దగ్గరికి, అంటే ఆట తెర మీద ఏ వైపు నుంచి కనిపిస్తుందన్న దగ్గరికి వచ్చేసరికి "యాంగిల్ అస్సలు బాగాలేదు, చిరాకేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేసి కథలోకి దూకేశావు. అంత తొందరేమొచ్చింది? గళ్ల మీద వంతులవారీగా సైనికుల్ని నడిపి ఆడే టాక్టికల్ ఆటల్లో ఏది కనిపించింది, ఏది కనిపించలేదన్న దగ్గరే చాలా గెలుపోటములు తేలిపోతాయి.

కింద ఇంకో చోట, గోడ వెనకున్న శత్రువు కనిపించక నీ విలుకాడు చచ్చాడని రాశావు. ఆ చిరాకు, ఈ చావు ఒకటే సంగతి కదా, రెండూ కలపవేం? వ్యాసం అక్కణ్నుంచే మొదలుపెట్టు. విలుకాడు ఏ గడిలో ఉన్నాడు, గోడ ఎంత ఎత్తు, ఏ వైపు నుంచి చూస్తే ఆ గడి మూసుకుపోయింది, మ్యాప్ తిప్పే బటన్ ఉందా, ఉంటే నువ్వెందుకు తిప్పలేదు. ఇవి రాస్తే చిరాకు అన్న మాటతో పనే ఉండదు.

పాత ఆటలు కూడా కొంచెం తిరగెయ్యి. 1995లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ యంత్రానికి వచ్చిన టాక్టిక్స్ ఓగర్‌లో మ్యాప్ తిరగదు. అంతా గీసి పేర్చిన బొమ్మలే. తిప్పాలంటే ప్రతి గోడనూ, ప్రతి మెట్టునూ మిగతా మూడు వైపుల నుంచి కూడా గీయాలి. అదే దర్శకుడు యాసుమి మత్సునో 1997లో ప్లేస్టేషన్‌కు చేసిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌లో నేలను పాలిగాన్లతో, అంటే ఎటైనా తిప్పగల 3డి పలకలతో కట్టారు, కాబట్టి బటన్ నొక్కితే మ్యాప్ పావు చుట్టు తిరుగుతుంది. మనుషులు మాత్రం చదును బొమ్మలే. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీసి, మిగతా రెండు వైపులకూ వాటినే అద్దంలో చూసినట్టు తిరగేసి వాడారు. అందుకే మ్యాప్ తిప్పేసరికి కుడిచేతి కత్తి ఎడమ చేతికి మారుతుంది! ఈసారి ఒక్క సైనికుణ్నే చూస్తూ నాలుగు వైపులా తిప్పి చూడు. ఇలాంటిది ఒక్కటి రాస్తే చాలు, నువ్వు ఆట ముందు కూర్చునే రాశావని చదివేవాడు నమ్ముతాడు.

ఆ ఆటలో ఎవడు ఎటు తిరిగి నిలబడ్డాడన్నది ప్రాణాల మీదికొచ్చే విషయం. ఎదురుగా కొడితే క్లాస్ (సైనికుడి వృత్తి) వల్ల వచ్చే తప్పించుకునే శాతం, డాలు, మాంటిల్ (భుజాల మీద కప్పుకునే వస్త్రం) లాంటి యాక్సెసరీ అన్నీ అడ్డం పడతాయి. పక్క నుంచి కొడితే క్లాస్ శాతం పోతుంది. వెనక నుంచి కొడితే డాలు కూడా పనికిరాదు, యాక్సెసరీ ఒక్కటే దిక్కు. వంతు ముగించేటప్పుడు ఎటు తిరగాలో అడుగుతూ నాలుగు బాణాలు వస్తాయి చూడు, అసలు టెన్షన్ అక్కడ. మ్యాప్ అటూ ఇటూ తిప్పి చూసుకునేదీ అప్పుడే. కథ సారాంశం కోసెయ్యాల్సి వచ్చినా సరే, ఈ ఘట్టానికి ఒక పేరా ఇవ్వు.

గైడ్ భాగంలో ఇంకో చిక్కుంది. "ఎడమ పక్క మెట్ల మీదుగా ఎక్కండి" అన్నావు. ఎవరి ఎడమ? చదివేవాడు మ్యాప్ ఒక్కసారి తిప్పి ఉంటే నీ ఎడమ వాడికి ఇంకెటో పోతుంది. మన దిక్కు ఊళ్లలో పెద్దవాళ్లు దారి చెప్పేటప్పుడు విను. "చెరువు కట్ట దాటి తూర్పు మొఖాన పో" అంటారు. మనం ఎటు తిరిగి నిలబడినా ఆ మాట తప్పదు. నువ్వూ మ్యాప్‌లో కదలని వాటినే పట్టుకో. "నీటి చక్రం పక్కనున్న మెట్లెక్కి, గేటుకు వీపు పెట్టి నిలబడండి" అని రాయి.

ఒక్కోసారి తిప్పడం ఒక్కటే ఎందుకు చాలదో తెలియాలంటే మన నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయి రా. అందరూ లింగం మీద పడే నీడ కోసం వెళ్తారు, నువ్వు మాత్రం గుడి కట్టిన తీరు చూడు. త్రికూటాలయం అది. మధ్యలో మండపం, మూడు వైపులా మూడు గర్భగుళ్లు, అన్నింటి వాకిళ్లూ మండపంలోకే. దాన్ని గళ్ల మ్యాప్‌గా గీసి ఏ మూల నుంచి చూసినా కనీసం ఒక గర్భగుడి వీపు మనవైపే ఉంటుంది. అంటే నాలుగు వైపులా తిప్పినా మూడు వాకిళ్లూ ఒకేసారి కనిపించవు. గోడలనో, కప్పునో కోసి చూపించక తప్పదు. 2012 నాటి ఎక్స్‌కామ్ ఆటలో సైనికుడు ఇంట్లోకి వెళ్లగానే పైకప్పు తీసేసింది ఇందుకే. 2010లో టాక్టిక్స్ ఓగర్‌ను చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీకి మళ్లీ చేసినప్పుడు నడినెత్తి నుంచి చూసే వ్యూ పెట్టారు. అలా చూస్తే ఎవడూ దాక్కోలేడు గానీ ఎత్తుపల్లాలు తెలియవు. నాకైతే తిప్పుకోవడమే ఇష్టం.

అలాగని మ్యాప్ తిరగకపోవడమే లోపమని రాసేయకు. 2018లో వచ్చిన ఇన్‌టు ది బ్రీచ్‌లో ఉన్నవి ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్లు. కెమెరా కదలదు. శత్రువు ఏ గడిని కొట్టబోతున్నాడో ముందే చూపించే ఆట అది, ఒక్క చూపులో అంతా అందాలి. అక్కడ తిప్పే బటన్ పెడితే ఆటగాడికి పని పెరుగుతుందే తప్ప లాభం లేదు.

రెండు పిక్సెళ్లు పక్కకు, ఒకటి పైకి గీస్తే 26.565 డిగ్రీల వాలు వస్తుందన్న లెక్క తీసెయ్. నీకు తెలుసు, మంచిదే, చదివేవాడికి దాంతో పనిలేదు. దాని బదులు ఒకే మ్యాప్‌ను రెండు వైపుల నుంచి తీసిన స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి, విలుకాడు చచ్చిన గడి మీద రెండింటిలోనూ ఎర్ర చుక్క పెట్టు. ఆదివారం లోపు పంపితే చూసి పెడతాను.

మీ అన్న