మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ చేస్తే జ్ఞాపకశక్తి పోతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. పసితనంలో జ్వరంతో ఒకసారి చాలాసేపు ఫిట్స్ వచ్చాయి. పదిహేనో ఏట నుంచి నెలకు మూడు నాలుగుసార్లు కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నుతోందని అంటూనే చూపు నిలిచిపోయి, పెదవులు చప్పరిస్తూ ఎడమచేత్తో చొక్కా గుండీ నలుపుతుంటాడు, కుడిచెయ్యి బిగుసుకుపోతుంది. మూడు రకాల మందులు వాడినా తగ్గలేదు. ఎంఆర్ఐలో ఎడమ హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన భాగం) కుంచించుకుపోయిందని, ఆపరేషన్ గురించి ఆలోచించమని విజయవాడలో డాక్టరుగారు చెప్పారు. మతి పోతుందేమోనని అమ్మ భయపడుతోంది. – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు గమనించిన ఆ గుండీ నలపడం, కుడిచెయ్యి బిగుసుకోవడం మూర్ఛ మెదడులో ఎడమ కణత దగ్గరుండే టెంపోరల్ లోబ్‌లో మొదలవుతోందని సూచించే విలువైన గుర్తులు కాబట్టి, ఈసారి వస్తే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుగారికి చూపించండి. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా మూర్ఛ ఆగకపోతే దానిని మందులకు లొంగనిదిగా లెక్కిస్తారు. ఆ తర్వాత మరో మాత్ర మారుస్తూ ఏళ్లు గడపడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. 2001లో ప్రచురితమైన కెనడా అధ్యయనంలో ఇలాంటి 80 మందిలో, ఏడాది తర్వాత స్పృహ తప్పించే మూర్ఛలు లేనివారు ఆపరేషన్‌కు ఎంపికైన బృందంలో 58 శాతం, మందులతోనే ఉన్న బృందంలో 8 శాతం.

అమ్మగారి భయం నిరాధారం కాదు. 1953లో అమెరికాలో ఒక రోగికి రెండువైపులా హిప్పోక్యాంపస్ భాగాలను తొలగించడంతో కొత్త విషయాలను గుర్తుంచుకునే శక్తి పోయింది. ఇప్పుడు ఒకవైపే తీస్తారు. అయినా భాష సాధారణంగా ఎడమవైపే ఉంటుంది కనుక, పేర్లూ మాటలూ గుర్తుకు రావడం కొంత మందగించవచ్చు. ముందు నుంచి జ్ఞాపకశక్తి బాగా ఉన్నవారికే ఆ నష్టం ఎక్కువ. హిప్పోక్యాంపస్ అప్పటికే దెబ్బతిన్నవారికి తక్కువ. అందుకే ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకశక్తి పరీక్షలు, ఆసుపత్రిలో ఉంచి కొన్ని రోజులపాటు వీడియో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను వీడియోతోపాటు నమోదు చేసే పరీక్ష) చేస్తారు. చూపులో కుడివైపు పైమూల కొంత తగ్గే అవకాశమూ ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలలో ఈ చికిత్స చేస్తారు.

ఆపరేషన్ తర్వాత కూడా మందులు వెంటనే ఆపరు. ఇప్పుడైతే ఒక్కపూట కూడా మానకూడదు. బండి నడపనివ్వకండి, కాలువలో ఈతకు పంపకండి. ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకువెళ్లి, ఆ జ్ఞాపకశక్తి ప్రశ్నను ఆమెనే అడగనివ్వండి.