షాపు బాగానే నడుస్తుంటే ఇంటర్నెట్ మార్కెటింగ్ అవసరమా?

ఇరవై ఏళ్ల బట్టల షాపు, పాత కస్టమర్లు ఉన్నారు, ఇప్పుడు ఫేస్‌బుక్ అనీ ఇన్‌స్టా అనీ డబ్బులు పెట్టడం అవసరమా అని అడిగారు కదా. మాది మంగళగిరిలో చేనేత చీరల షాపు. మేం పోగొట్టుకున్న డబ్బుతో సహా చెబుతాను.

2020 దాకా మాకూ అవసరం అనిపించలేదండి. అటు గుంటూరు, ఇటు విజయవాడ, మధ్యలో మేము. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు కొండ దిగాక చీరలు చూసుకుని వెళ్లేవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో సరే సరి. లాక్‌డౌన్ రాగానే గుడీ మూతపడింది, రోడ్డూ ఖాళీ అయిపోయింది. నూలు ముందే ఇచ్చేసి ఉన్నాం కాబట్టి నేసేవాళ్లు చీరలు తెచ్చి ఇస్తూనే ఉన్నారు. కూలి ఇవ్వాలి, సరుకేమో కదలదు.

అప్పుడు కంగారులో ఒక ఏజెన్సీకి నెలకి 15 వేలు చొప్పున మూడు నెలలు కట్టాం. వాళ్లు చేసిందల్లా పండగ పండగకీ మా షాపు పేరేసి శుభాకాంక్షల పోస్టరు పెట్టడం. ఒక్క చీర అమ్ముడుపోలేదు. తర్వాత నేనే ఫేస్‌బుక్‌లో ఒక పోస్టును 2 వేలు పెట్టి బూస్ట్ చేశాను, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి కనపడేలా పెట్టాను. దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. లైకులు వందల్లో వచ్చాయి, మెసేజీల నిండా "హాయ్", "హలో". చీర కట్టే మనిషి ఒక్కరూ లేరు. తప్పు నాదే. మెసేజీలు కావాలి అని ఎంచుకోవాల్సిన చోట లైకులు చాలన్నట్టు వదిలేశాను, ఏ ఊళ్లవాళ్లకి కనపడాలో కూడా పెట్టలేదు.

నాన్న అప్పుడే అన్నారు, "చీర చేత్తో పట్టుకుని చూడకుండా ఎవరు కొంటార్రా?" అని. నాకు కోపం వచ్చింది గానీ, అసలు ప్రశ్న అదే. చేత్తో పట్టుకోలేని మనిషికి చీర ఎలా చూపించాలి?

మంగళగిరి చీరంటే ఒళ్లంతా సాదాగా ఉండి, అందమంతా అంచులోనే ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద ఫొటో తీస్తే అది పదిమంది అమ్మే మామూలు కాటన్ చీరలాగే కనపడుతుంది. పైగా మా ఊరి పేరు పెట్టి పవర్‌లూమ్ చీరలు ఆన్‌లైన్‌లో సగం ధరకి అమ్మేవాళ్లు బోలెడుమంది. మంగళగిరి చీరలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఉన్నా ఆ వ్యాపారం ఆగలేదు. అందుకని ఒకరోజు ఫోను తీసుకుని మాకు నేసే బాబాయి ఇంటికి వెళ్లాను. గుంట మగ్గంలో కూర్చుని ఆయన నేస్తుంటే ముప్పై సెకన్లు తీశాను. పాట పెట్టలేదు, మాటలు లేవు, అడ్డ నూలు తీసుకెళ్లే నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడొక్కటే. అదే చీర మర్నాడు మా వరండాలో, పొద్దుటి వెలుతురులో విప్పి చూపించి, ధర అక్కడే రాశాను. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే పద్ధతి నాకు నచ్చదు. బేరమాడతారేమోనని దాచిపెడతాం గానీ, సగంమంది అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు.

ఆ వీడియో వైరలేమీ కాలేదు. కానీ హైదరాబాద్ నుంచి ఒకావిడ రెండు చీరలు తీసుకున్నారు, తర్వాత ఆవిడ చెల్లెలు బెంగళూరు నుంచి ఫోన్ చేశారు. మా ఆన్‌లైన్ వ్యాపారం మొదలైంది అలాగే. ఇప్పుడు అమ్మకాల్లో దాదాపు మూడో వంతు అదే.

కష్టం లేదనుకోకండి. రాత్రి పదింటికి స్క్రీన్‌షాట్ పంపి "ఇది ఉందా?" అంటారు. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఈలోగా ఇంకోచోట కొనేస్తారు. రంగు తేడాగా ఉందని వెనక్కి పంపేవాళ్లు ఉంటారు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే వాపసు లేదని మేమూ రాశాం, రాశాక కూడా రెండుసార్లు నష్టం భరించాం. గూగుల్‌లో ఒకావిడ ఒక్క స్టారే ఇచ్చి, ఆకుపచ్చ అడిగితే నీలం వచ్చిందని రాశారు. నాన్న ఆవిడకి స్వయంగా ఫోన్ చేసి చీర మార్చి పంపించారు. ఆవిడ రివ్యూ తీసేయలేదు గానీ, కింద ఇంకో రెండు వాక్యాలు కలిపారు. కొత్తగా ఫోన్ చేసేవాళ్లలో కొందరు ఆ రెండు వాక్యాల గురించే అడుగుతుంటారు.

ఇంకోటి. మాకు తెలిసిన ఒకాయన టిక్‌టాక్‌లో చీరలు చూపించి మా అందరికంటే ముందే బాగా అమ్మాడు. 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు. ఆయన ఫాలోయర్లంతా ఒక్క రాత్రిలో పోయారు, ఒక్కరి నంబరూ దగ్గర లేదు. అందుకే మేం కొన్న ప్రతివాళ్ల నంబరూ నోట్‌బుక్కులో రాసుకుంటాం, మా నంబరు సేవ్ చేసుకోమని అడుగుతాం. సేవ్ చేసుకోనివాళ్లకి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకేసారి అందరికీ పంపే మెసేజ్) చేరదు మరి. నంబర్ల లిస్టులు అమ్ముతామని వచ్చేవాళ్లని మాత్రం గుమ్మంలోంచే పంపించేయండి.

అందరికీ ఇదంతా కావాలని అనను. మా మావయ్యకి పల్లెలో కిరాణా కొట్టు ఉంది. ఖాతా పుస్తకం, గోడకి అంటించిన యూపీఐ స్కానరు, అంతే. ఆయన రీల్స్ చేస్తే ఊళ్లోవాళ్లు నవ్వుకోవడం తప్ప ఒరిగేదేం లేదు. మీది బట్టల షాపు కాబట్టి లెక్క వేరు. మీ పాత కస్టమర్ల పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో చూడండి. మా దగ్గర కొనే కుటుంబాల్లో చాలావరకు పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. అమ్మలు షాపుకి వచ్చేవాళ్లు, కూతుళ్లు ముందు ఫోనులో చూస్తున్నారు.

డబ్బు పెట్టే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేరు కొట్టి చూడండి. మాది రెండేళ్లపాటు పక్క సందులో చూపించింది, నంబరేమో ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్‌ది. హైవే మీద నుంచి వచ్చి, దొరక్క తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో మాకు ఇప్పటికీ తెలియదు.