సమాధానం: ఊప్స్ మెసేజ్‌లోంచి తప్పు లైన్ పట్టుకోవడం

మీ డ్రైవర్ లోడ్ అవుతోంది, డివైస్ చదవగానే లైనక్స్ కెర్నల్ ఊప్స్ (కెర్నల్‌లో తప్పు జరిగితే వచ్చే ఎర్రర్ రిపోర్ట్) ఇస్తోంది అన్నారు. టెన్షన్ పడకండి, మీరు పెట్టిన లాగ్‌లోనే జవాబుంది.

ముందు ‘కోడ్’ అన్న లైన్ చూడండి. బైట్ల వరుసలో ఒక్కదానికే యాంగిల్ బ్రాకెట్లు ఉంటాయి. ఫాల్ట్ అయిన ఇన్‌స్ట్రక్షన్ అక్కడే మొదలవుతుంది. మీ దాంట్లో అది 48, తర్వాత 8బి 47 18. అంటే ఆర్‌డీఐ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) ఉన్న అడ్రస్‌కి హెక్స్ 18 కలిపి, అక్కడున్న విలువను ఆర్‌ఏఎక్స్ అనే మరో రిజిస్టర్‌లోకి తెమ్మని. లాగ్‌లోని రిజిస్టర్ల విలువల్లో ఆర్‌డీఐ సున్నా. ఫాల్ట్ అయిన అడ్రస్ కూడా హెక్స్ 18, అంటే సున్నాకి 18 కలిపినదే. కాబట్టి పాయింటర్ నల్ (దేన్నీ చూపించని ఖాళీ అడ్రస్), మీరు చదవబోయింది ఆ స్ట్రక్ట్‌లో మొదటి నుంచి 24 బైట్ల (హెక్స్ 18 అంటే 24) తర్వాతున్న ఫీల్డ్. చేత్తో విప్పడం కష్టమైతే కెర్నల్ సోర్స్‌లోని డీకోడ్‌కోడ్ స్క్రిప్ట్‌కి ఆ లైన్ ఇవ్వండి.

ఇక సోర్స్ లైన్. మాడ్యూల్‌ని డీబగ్ ఇన్ఫోతో (సోర్స్ లైన్ల వివరాలతో) బిల్డ్ చేసి, ఆర్‌ఐపీ లైన్‌లోని (క్రాష్ అయిన చోటు చూపే లైన్) ఫంక్షన్ పేరు ప్లస్ హెక్స్ 2ఏ అన్నది, ముందు స్టార్ గుర్తు పెట్టి, జీడీబీ అనే డీబగ్గర్‌లో లిస్ట్ కమాండ్‌కి ఇవ్వండి. క్రాష్ అయిన బిల్డే కావాలి. మళ్లీ కంపైల్ చేసి ఆఫ్‌సెట్లు (ఫంక్షన్ మొదటి నుంచి దూరాలు) మారితే వేరే లైన్ చూపించి రెండు రోజులు తిప్పుతుంది, నేను పడ్డాను. కాల్ ట్రేస్‌లోవి (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) మాత్రం రిటర్న్ అడ్రస్‌లు, కాల్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ని చూపిస్తాయి.

మీ కోడ్‌లో రీడ్ ఫంక్షన్ ఫైల్ తాలూకు ప్రైవేట్ డేటా పాయింటర్ వాడుతోంది, ఓపెన్ ఫంక్షన్‌లో దాన్ని ఎక్కడా సెట్ చేయలేదు. నా అనుమానమంతా దాని మీదే. ఓపెన్‌లో సెట్ చేసి చూడండి. అప్పటికీ పడిపోతే కొత్త లాగ్ మొత్తం పెట్టండి, కలిసి చూద్దాం.