ఆ రెండో మేక సంగతి

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. సండే స్కూల్లో బైబిల్లోని లేవీయకాండము 16వ అధ్యాయం, అంటే ఇశ్రాయేలీయుల ప్రాయశ్చిత్త దినం సంగతి, చెబుతుంటే ఒక పిల్లవాడు, "ఒక మేకను చంపారు, ఇంకోదాన్ని అరణ్యంలోకి తోలేశారు. మరి యేసుప్రభువు ఏ మేక?" అన్నాడు. రెండోది సాతాను అని మా సంఘంలో ఒకరు అంటున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక సండే స్కూల్ టీచర్, తెనాలి

జవాబు: వందనాలమ్మా. పెద్దవాళ్లు మొహమాటపడి అడగనిది వాడు అడిగేశాడు!

ముందు 5వ వచనం చూడండి. రెండు మేకలూ కలిపే పాపపరిహారార్థబలి. ఏది చంపాలి, ఏది తోలేయాలి అని చీట్లు వేసేదాకా వాటికి తేడా లేదు. మొదటిదాని రక్తాన్ని ప్రధానయాజకుడు గుడారంలోని అడ్డతెర లోపలికి తీసుకెళ్లి కరుణాపీఠం (మందసపు మూత) మీద, దాని ఎదుట ప్రోక్షిస్తాడు. బయటికి వచ్చాక బతికున్న మేక తలమీద తన రెండు చేతులూ ఉంచి జనం పాపాలన్నీ ఒప్పుకుంటాడు. మామూలు బలుల్లో 'చెయ్యి' అనే ఉంటుంది, ఇక్కడ మాత్రం రెండు చేతులు. ఆ బరువుతో అది మనుషులు లేని చోటికి పోతుంది. దాన్ని తోలుకెళ్లినవాడు సైతం బట్టలు ఉతుక్కుని, స్నానం చేశాకే పాళెంలోకి, అంటే జనం గుడారాలు వేసుకున్న చోటికి, రావాలి. చచ్చిన మేక పాపాల్ని మోసుకుంటూ నడవలేదు కదా, అందుకే రెండు కావలసి వచ్చాయి.

రెండో మేక సాతాను అనేది సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖ బోధ. రెండో మేక రక్తం చిందలేదు కాబట్టి అది రక్షకుడికి గుర్తు కాదంటారు. కొట్టిపారేసే వాదన కాదు గానీ, నాకు 5వ వచనం దగ్గరే అది నిలబడదు. పైగా మన అందరి దోషం ఎవరిమీద మోపబడిందో యెషయా గ్రంథం 53వ అధ్యాయం చెప్పనే చెప్పింది; అక్కడి బాధపడే సేవకుడు యేసే అని మన నమ్మకం. తొలితరాల క్రైస్తవుల బర్నబా పత్రిక కూడా తోలేసిన మేకలో యేసునే చూసింది.

విచిత్రమేమంటే, కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక రెండో మేక ఊసే ఎత్తదు. 9వ అధ్యాయంలో రక్తంతో లోపలికి వెళ్లడాన్ని పట్టుకుంటుంది. 13వ అధ్యాయానికి వచ్చేసరికి, ఆ బలిపశువుల కళేబరాలను పాళెం వెలుపల కాల్చేవారు గనుక యేసు కూడా గవిని (పట్టణ ద్వారం) వెలుపల శ్రమపడ్డాడంటుంది. హెబ్రీ పత్రిక మొదటి మేకలో, యెషయా మాటలు రెండోదానిలో యేసును చూపిస్తున్నాయి కాబట్టి వాడికి 'రెండూ' అని చెప్పండి.

ఇంకోమాట. గొర్రెపిల్ల పస్కాది (ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పండుగ), అది మొదటి నెల. ఈ మేకలు ఏడో నెల పదో రోజువి. సిలువ జరిగింది పస్కా రోజుల్లో. గోడకు తగిలించే చార్టుల్లో మాత్రం ఈ రెంటినీ కలిపి ఒకే బొమ్మ వేసేస్తున్నారు. అలాంటిది మీ క్లాసులో ఉంటే తీసేయండి.