బీపీ బిళ్ళ వేసుకునేవాళ్లు డైక్లోఫెనాక్ వాడొచ్చా? గ్యాస్ బిళ్ళ తోడుంటే చాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ళ రోజూ వేసుకుంటారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళ డైక్లోఫెనాక్ 50 పొద్దునొకటి, రాత్రొకటి మూడు వారాలుగా వాడుతున్నారు. పరగడుపున గ్యాస్ బిళ్ళ పాంటోప్రజోల్ కూడా ఇస్తున్నాం కాబట్టి ఫర్వాలేదా అని.

ఫర్వాలేదు అనలేనండి. పాంటోప్రజోల్ కాపాడేది కడుపుని. మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ భయం కిడ్నీల గురించి.

ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లని ఉంటాయి. నొప్పిని, వాపుని పెంచేవి అవే. కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలను తెరిచి ఉంచేవీ అవే. డైక్లోఫెనాక్ వాటి తయారీనే ఆపేస్తుంది, అందుకే నొప్పి తగ్గుతుంది. కానీ కిడ్నీలోకి రక్తం వచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ వల్ల బయటికి పోయే దారి వదులవుతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఎండదెబ్బో, రెండు రోజుల విరేచనాలో తోడైతే క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో అమాంతం పెరిగిపోతుంది. దానికితోడు బీపీ మందు సరిగ్గా పనిచేయదు, పాదాలు వాస్తాయి.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశం 2006లో ఆపించింది. ఇది వేసిన పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి చనిపోయాయి. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు గానీ, దెబ్బ తగిలే చోటు మాత్రం అదే.

ఇవాళే డైక్లోఫెనాక్ ఆపేయండి, మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. బీపీ బిళ్ళ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఒకటి రెండు రోజుల్లో క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించి, బీపీ చూపించి, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

స్ట్రిప్పులన్నీ అని ఎందుకంటున్నానంటే, వెనక సన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ అన్నీ డైక్లోఫెనాక్ చుట్టాలే. రెండు కలిపి వేస్తే నొప్పి రెట్టింపు తగ్గదు, చెడు మాత్రం పెరుగుతుంది. ఎసిక్లోఫెనాక్ 100తో పారాసెటమాల్ 325 కలిసిన బిళ్ళలు చాలా ఉన్నాయి. దాని మీద జ్వరానికని 650 వేస్తే పారాసెటమాల్ లెక్క తప్పుతుంది. షాపులో నాలుగు రకాల విడి బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తే తీసుకోకండి. పేరు, గడువు తేదీ ఉన్న ముక్కతో కత్తిరించి ఇమ్మనండి.

"పైన పొర ఉన్న బిళ్ళ కదా, కడుపులో కరగదు" అంటారు. "సూది అయితే కడుపులోకి పోదు" అంటారు. రెండూ పొరపాటే. ఏ దారిన వెళ్లినా మందు రక్తంలో కలుస్తుంది, కడుపు పొర రక్షణ అక్కడి నుంచే తగ్గుతుంది. అలాగని ఆ బిళ్ళను నలిపి వేసుకోకూడదు, ఎస్ఆర్ (మందు మెల్లగా విడుదలయ్యే) బిళ్ళను నమలకూడదు.

కిడ్నీ, గుండె, కడుపు బాగున్న పెద్దవాళ్లకి కూడా డాక్టర్ రాసినంత కాలమే. తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, పని జరిగే అతి తక్కువ మోతాదు. రోజుకి మొత్తం 150 మిల్లీగ్రాములు దాటకూడదు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకి డైక్లోఫెనాక్ ఇవ్వొద్దని యూరప్ మందుల సంస్థ 2013లోనే చెప్పింది. ఆస్పిరిన్ 75 వేసుకునేవాళ్లు డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటే రక్తస్రావం భయం ఎక్కువ. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి డైక్లోఫెనాక్‌ని అసలు ముట్టుకోకండి.

మరి మోకాళ్లకి? పూత మందుతో మొదలుపెట్టమని డాక్టర్‌ని అడగండి. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలో కలిసేది బిళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. చాలామంది బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అరగ్రాము. ఒక్కో మోకాలికి అలాంటివి నాలుగు, రోజుకి మూడుసార్లు. రెండు మోకాళ్లకి ఈ లెక్కన 30 గ్రాముల ట్యూబు మూడు రోజులు కూడా రాదు. నెల వచ్చిందంటే రాసింది చాలలేదన్నమాట. రాశాక కట్టు కట్టొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, గంట దాకా కడగొద్దు, చేతులు మాత్రం కడుక్కోవాలి. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాచి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం చేయించండి. తొడ కండ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. దీనికి వారాలు పడుతుంది, మధ్యలో మానేయనివ్వకండి.

మూత్రం బాగా తగ్గినా, ముఖం పాదాలు ఉబ్బినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా పరీక్షల కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐరన్ బిళ్ళలకి కూడా మలం నల్లబడుతుంది గానీ ఆ జిగట, ఆ ఘాటు వాసన ఉండవు.